టెస్ట్‌లో ట్రిగ్గర్ అనుకున్నన్నిసార్లు ఎందుకు ఫైర్ కాదు?

మీరు అడిగింది ముందు ఒకచోట పెడతాను. అపాచీ బీమ్ (డేటా పైప్‌లైన్లు రాసే టూల్) జావాలో ఒక నిమిషం ఫిక్స్‌డ్ విండో, అంటే టైమ్‌స్టాంప్‌ను బట్టి డేటాను నిమిషం నిమిషంగా విడదీయడం. రెండు ఎలిమెంట్లకు ఒక ఎర్లీ ఫైరింగ్ (విండో ముగియకముందే ఫలితం పంపడం), విండో ముగిశాక వచ్చే ప్రతి లేట్ ఎలిమెంట్‌కూ ఒక ఫైరింగ్. అలోడ్ లేట్‌నెస్ (విండో ముగిశాక కూడా లేట్ డేటా తీసుకునే గడువు) 2 నిమిషాలు, మోడ్ అక్యుములేటింగ్, అంటే ప్రతి ఫలితంలో అప్పటిదాకా వచ్చినదంతా ఉంటుంది. ఒకే కీకి ఆరు ఎలిమెంట్లు పంపారు, మూడు ఎర్లీ పేన్లు (ఒక్కో ఫైరింగ్‌లో బయటికొచ్చే ఫలితం ఒక పేన్) రావాలని అసర్ట్ రాశారు. క్రియేట్‌తో (విలువల జాబితాను ముందే ఇచ్చేసే పద్ధతి) డేటా ఇస్తే లెక్క కుదరలేదు, లేట్ పేన్ అసలే రాలేదు. టెస్ట్‌స్ట్రీమ్‌కి (డేటా రాకనూ కాలాన్నీ మనమే నడిపే టెస్ట్ సోర్స్‌కి) మార్చితే ఎర్లీ పేన్లు రెండే వచ్చాయి. మూడోది ఎక్కడ పోయిందన్నది మీ ప్రశ్న.

ఎక్కడికీ పోలేదు, అసలు పుట్టనే లేదు. మీరు వాడిన ట్రిగ్గర్ పేరు ఎలిమెంట్‌కౌంట్‌అట్‌లీస్ట్. అందులో ‘అట్‌లీస్ట్’ అన్న మాటను చాలామంది చదవకుండా దాటేస్తారు. కనీసం రెండు అని దాని అర్థం, రెండేసి అని కాదు. బీమ్‌లో ట్రిగ్గర్ అంటే ‘ఇక పంపొచ్చు’ అని రన్నర్‌కి, అంటే పైప్‌లైన్‌ను నడిపే ఇంజన్‌కి, ఇచ్చే అనుమతి మాత్రమే. ‘ఇప్పుడే, సరిగ్గా ఇంతే పంపు’ అన్న ఆజ్ఞ కాదు. అనుమతి ఉందా లేదా అని రన్నర్ ప్రతి ఎలిమెంట్‌కీ ఆగి అడగదు. ఒక దఫాలో చేతికొచ్చిన మూట మొత్తం, అంటే బండిల్, ప్రాసెస్ చేశాక ఒకసారి అడుగుతుంది. మూటలో మూడు ఎలిమెంట్లుంటే మూడూ ఒకే పేన్‌లో వెళ్తాయి. ట్రిగ్గర్ టెస్టుల్లో వచ్చే గందరగోళం చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

క్రియేట్‌తో ఎందుకు కుదరదో ముందు చూద్దాం. క్రియేట్ బౌండెడ్ సోర్స్, అంటే దాని డేటాకు అంతం ఉంది. డేటా అంతా చదివేదాకా వాటర్‌మార్క్ (ఏ టైమ్‌స్టాంప్ వరకు డేటా వచ్చేసిందన్న అంచనా) కనిష్ఠ విలువ దగ్గరే ఉండి, చదవడం అయిపోగానే ఒక్క గెంతులో అనంతానికి పోతుంది. మధ్యలో ఎక్కడా ఆగదు. లేట్ డేటా అంటే వాటర్‌మార్క్ విండోను దాటాక వచ్చిన డేటా. క్రియేట్‌లో వాటర్‌మార్క్ కదిలేసరికే డేటా అంతా వచ్చేసి ఉంటుంది కాబట్టి ఏదీ లేట్ కాదు. టైమ్‌స్టాంప్‌లు ఎంత పాతవి పెట్టినా ఇంతే. ఇక ఎలిమెంట్లను ఎన్ని బండిల్స్‌గా పంచాలో రన్నర్ ఇష్టం, అందుకే ఎర్లీ పేన్ల లెక్క కూడా మీ చేతిలో ఉండదు. క్రియేట్ పనికొచ్చేది విండోలో ఏ ఎలిమెంట్ పడింది, మొత్తం ఎంత అన్నవి చూసుకోవడానికే.

టెస్ట్‌స్ట్రీమ్ మీ చేతికి మూడు పిడులు ఇస్తుంది: ఎలిమెంట్లు చేర్చడం, వాటర్‌మార్క్ జరపడం, ప్రాసెసింగ్ టైమ్ (డేటాను ప్రాసెస్ చేసేటప్పటి గడియారం) జరపడం. ఒకటి తిప్పితే మిగతా రెండూ కదలవు. వాటర్‌మార్క్‌ను గంట ముందుకు జరిపినా ప్రాసెసింగ్ గడియారం ఉన్నచోటే ఉంటుంది. గడియారాన్ని రోజు జరిపినా వాటర్‌మార్క్ కదలదు. ఇంకొక గ్యారంటీ కూడా ఉంది. ఒక ఈవెంట్ ఇచ్చాక దానివల్ల పైప్‌లైన్‌లో జరగాల్సిన పనంతా అయిపోయి అంతా సద్దుమణిగేదాకా తర్వాతి ఈవెంట్ లోపలికి రాదు. అందుకే థ్రెడ్ స్లీప్‌లు అక్కర్లేదు. పెట్టినా వాటివల్ల ఏమీ మారదు, ఎందుకంటే ట్రిగ్గర్ చూసేది మీరు జరిపే గడియారాన్నే, గోడ గడియారాన్ని కాదు.

మీ ట్రిగ్గర్‌నే తీసుకుని ఒక్కో అడుగూ నడిపిద్దాం. విలువలు నావి, కీ ఒక్కటే, కంబైన్‌లో చేసేది కూడిక. విండో 0 నుంచి 60 సెకన్లు.

1. వాటర్‌మార్క్ 0కి. ఏమీ రాదు.
2. ఒక యాడ్‌ఎలిమెంట్స్ కాల్‌లో 5, టైమ్‌స్టాంప్ 10వ సెకను. కౌంట్ 1, ఫైర్ కాదు.
3. ఇంకో కాల్‌లో 7, 20వ సెకను. కౌంట్ 2. ఎర్లీ పేన్, ఇండెక్స్ 0, విలువ 12.
4. ఒకే కాల్‌లో మూడు: 1, 2, 3, టైమ్‌స్టాంప్‌లు 30, 35, 40. డైరెక్ట్‌రన్నర్‌లో (టెస్టులకు వాడే లోకల్ రన్నర్) ఇది ఒకే బండిల్. ఎర్లీ పేన్ ఒక్కటే, ఇండెక్స్ 1, విలువ 18. రెండు ఎలిమెంట్లకు ఒకటి పోయి, మూడోది మిగలడం జరగదు. కౌంట్ మళ్లీ సున్నా అవుతుంది.
5. విడిగా 4, 50వ సెకను. కౌంట్ 1, ఫైర్ కాదు.
6. వాటర్‌మార్క్ 60వ సెకనుకి. ఆన్‌టైమ్ పేన్, ఇండెక్స్ 2, విలువ 22.
7. 10, టైమ్‌స్టాంప్ 45వ సెకను. ఇది లేట్. లేట్ పేన్, ఇండెక్స్ 3, విలువ 32.
8. వాటర్‌మార్క్ 180వ సెకనుకి. విండో గడువు తీరింది, స్టేట్ చెరిగిపోతుంది. పేన్ రాదు.
9. 100, టైమ్‌స్టాంప్ 55వ సెకను. గడప దగ్గరే డ్రాప్ అవుతుంది.

ఆరు ఎలిమెంట్లు, రెండు ఎర్లీ పేన్లు. మీకు వచ్చిన లెక్క ఇదే. నాలుగో అడుగులోని మూడింటినీ మూడు వేరు కాల్స్‌గా రాస్తే 1, 2 కలిసి ఒక ఎర్లీ పేన్ (విలువ 15), ఆ తర్వాత 3కి 50వ సెకనులోని 4 తోడై ఇంకో ఎర్లీ పేన్ (విలువ 22) వస్తాయి. అప్పుడు మీరు కోరుకున్న మూడూ కనిపిస్తాయి. కానీ దాంతోపాటు ఒక కొత్త చిక్కు వస్తుంది. అప్పటికే ఎలిమెంట్లన్నీ వెళ్లిపోయాయి కాబట్టి ఆరో అడుగులో పంపడానికి కొత్తదేమీ లేదు. అయినా ఆన్‌టైమ్ పేన్ వస్తుంది, మళ్లీ అదే 22తో. జావాలో ఆన్‌టైమ్ బిహేవియర్ డిఫాల్ట్‌గా ఫైర్‌ఆల్వేస్ (కొత్తదేమీ లేకపోయినా ఫైర్ చేయి) కావడమే కారణం. డిస్కార్డింగ్ మోడ్‌లో (ప్రతి పేన్‌లో కొత్తగా వచ్చినవే పంపే మోడ్) గ్రూప్‌బైకీ (ఒకే కీ ఉన్న విలువలను ఒకచోట చేర్చేది) వాడితే అదే పేన్ ఖాళీ ఇటరబుల్‌తో వస్తుంది. ఆ ఖాళీ ఇటరబుల్ మీద మొదటి ఎలిమెంట్ తీసుకునే కోడ్ ఉంటే అక్కడే పేలుతుంది. ఈ ఖాళీ పేన్ వద్దనుకుంటే ఫైర్‌ఇఫ్‌నాన్‌ఎంప్టీ పెట్టండి. అయితే ఒక కీకి ఆ విండోలో ఒక్క ఎలిమెంట్ కూడా రాకపోతే ఫైర్‌ఆల్వేస్ ఉన్నా పేన్ రాదు. రన్నర్‌కి ఆ కీ ఉందనే తెలియదు కదా.

ఎనిమిదో అడుగు దగ్గర కొంచెం ఆగాలి, ఎక్కువమంది కాలు జారేది అక్కడే. విండో గరిష్ఠ టైమ్‌స్టాంప్ జావాలో 60.000 కాదు, 59.999. దానికి లేట్‌నెస్ 120 సెకన్లు కలిపితే 179.999. వాటర్‌మార్క్ దాన్ని దాటగానే గడువు తీరుతుంది. ఆ సమయానికి కొత్త ఎలిమెంట్లేమీ మిగల్లేదు, గడువు తీరినప్పుడు ఏం చేయాలో చెప్పే క్లోజింగ్ బిహేవియర్ డిఫాల్ట్ ఫైర్‌ఇఫ్‌నాన్‌ఎంప్టీ. కాబట్టి ‘చివరిది’ అన్న గుర్తుతో ఏ పేనూ రాదు. 32 విలువతో వచ్చిన లేట్ పేన్ వాస్తవానికి చివరిదే అయినా, అది బయటికెళ్లేటప్పటికి ఇంకా లేట్ డేటా రావచ్చు కాబట్టి దానిమీద ఈజ్‌లాస్ట్ ఫాల్స్‌గానే ఉంటుంది. ఇప్పుడు పీఅసర్ట్‌లో (బీమ్ టెస్టుల్లో ఫలితాలను సరిచూసేది) ఇన్‌ఫైనల్‌పేన్ అని రాసి 32 కోసం ఎదురుచూస్తే దొరకదు. అక్కడ ఏమీ లేదనే అంటుంది. క్లోజింగ్ బిహేవియర్‌ను ఫైర్‌ఆల్వేస్ చేస్తే గడువు తీరినప్పుడు 32తో ఇంకో పేన్ వస్తుంది, ఈజ్‌లాస్ట్ ట్రూగా. కేవలం టెస్ట్ పాస్ కావడానికి మాత్రం అలా మార్చకండి. ప్రొడక్షన్‌లో ప్రతి కీకీ ప్రతి విండోకీ ఒక అదనపు రికార్డు పడుతుంది. ఇన్‌లేట్‌పేన్‌తో అసర్ట్ చేస్తే సరిపోతుంది.

ఆరో అడుగులోనూ అంచు విషయం ఉంది. ఆన్‌టైమ్ ఫైర్ కావాలంటే వాటర్‌మార్క్ గరిష్ఠ టైమ్‌స్టాంప్‌ను దాటాలి, తాకితే చాలదు. 59.999కి జరిపితే ఏమీ రాదు, 60.000కి జరిపితే వస్తుంది. ‘ముందు రాకూడదు, తర్వాత రావాలి’ అని రెండూ టెస్ట్ చేయాలనుకుంటే ఈ రెండు విలువలూ వాడండి. ప్రాసెసింగ్ టైమ్ డిలే విషయంలో మాత్రం అంచు మీద టెస్ట్ రాయకండి. 30 సెకన్ల డిలే ఉంటే ‘రాకూడదు’కి 29, ‘రావాలి’కి 31 వాడితే ఏ తంటా ఉండదు.

లేట్ అనే మాటను కూడా సరిగ్గా పట్టుకోవాలి. వాటర్‌మార్క్ 40వ సెకను దగ్గర ఉండగా 15వ సెకను టైమ్‌స్టాంప్‌తో ఎలిమెంట్ వస్తే అది వాటర్‌మార్క్ కంటే వెనకే. కానీ దాని విండో ఇంకా తెరిచే ఉంది, కాబట్టి మామూలుగానే ఎర్లీలోనో ఆన్‌టైమ్‌లోనో కలిసిపోతుంది. గ్రూపింగ్ దగ్గర లెక్కలోకి వచ్చేది విండో ముగిసిందా లేదా అన్నదే. లేట్ డేటా టెస్ట్ రాస్తున్నామనుకుని వాటర్‌మార్క్‌ను విండో మధ్యలోకే జరిపి, ‘లేట్ పేన్ రావట్లేదు’ అని తలపట్టుకోవడం మామూలే. ఇంకో సంగతి: ఒక కీకి మొట్టమొదటి ఎలిమెంటే విండో ముగిశాక వస్తే, దాని మొదటి పేన్ సాధారణంగా ఇండెక్స్ 0తో లేట్‌గానే వస్తుంది. ఆ కీకి ఆన్‌టైమ్ పేన్ అంటూ ఉండదు. ‘ఆన్‌టైమ్ పేన్ వచ్చాకే వరుస సృష్టించు, లేట్ వస్తే అప్‌డేట్ చెయ్’ అని సింక్‌లో (ఫలితాలను బయట భద్రపరిచే చోట) రాసుకున్నవాళ్లకు ఇది తగులుతుంది.

ట్రిగ్గర్ ప్రతి కీకీ, ప్రతి విండోకీ విడిగా నడుస్తుంది. కౌంట్ 2 అంటే పీకలెక్షన్ (పైప్‌లైన్‌లో నడిచే డేటా సమూహం) మొత్తం మీద రెండు కాదు. రెండు కీలకు చెరొక ఎలిమెంట్ పంపితే ఒక్కటీ ఫైర్ కాదు. డిలే కూడా అంతే, ఆ కీ ఆ పేన్‌లో తొలి ఎలిమెంట్ చూసిన క్షణం నుంచి మొదలవుతుంది. కాబట్టి 30 సెకన్ల డిలే పెట్టి, ఒక ఎలిమెంట్ ఇచ్చి, గడియారాన్ని ఒకేసారి 5 నిమిషాలు జరిపితే పది పేన్లు రావు, ఒక్కటే వస్తుంది. ఫైర్ అయ్యాక తర్వాతి ఎలిమెంట్ వచ్చేదాకా కొత్త టైమర్ పుట్టదు.

టైమ్‌స్టాంప్ లేకుండా ఉత్త విలువలు యాడ్‌ఎలిమెంట్స్‌కి ఇచ్చే వీలుంది. అప్పుడు ఆ ఎలిమెంట్లకు అప్పటి వాటర్‌మార్కే టైమ్‌స్టాంప్ అవుతుంది. వాటర్‌మార్క్‌ను ఒక్కసారి కూడా జరపకముందే అలా ఇస్తే అవి కాలం ఆరంభంలోని ఏదో విండోలో పడిపోతాయి, మీరు అసర్ట్ చేసే విండోలో ఏమీ ఉండదు. ఎప్పుడూ టైమ్‌స్టాంప్‌డ్‌వాల్యూ వాడండి. యూనిట్లు కూడా చూసుకోండి. జావాలో ఇన్‌స్టంట్‌కి ఇచ్చే సంఖ్య మిల్లీసెకన్లు, పైథాన్‌లో సెకన్లు. జావా టెస్ట్‌ను పైథాన్‌కి మార్చేటప్పుడు 60000ని అలాగే ఉంచేస్తే వాటర్‌మార్క్ 16 గంటల 40 నిమిషాల దగ్గరికి పోతుంది. విండోలన్నీ ఒక్క దెబ్బకు మూసుకుపోయి, తర్వాత ఇచ్చినవన్నీ డ్రాప్ అవుతాయి. ఎర్రర్ ఏమీ రాదు, అదే బాధ.

ఇప్పుడు దీనికంటే ప్రమాదమైన సంగతి: టెస్ట్ పాస్ అయి ప్రొడక్షన్‌లో ఆగిపోయేది. గ్లోబల్ విండోలో (కాలమంతా ఒకే విండో) ‘కనీసం 50 ఎలిమెంట్లు, ఎప్పటికీ రిపీట్’ అని ట్రిగ్గర్ పెట్టారనుకోండి. టెస్ట్‌లో 32 ఎలిమెంట్లు ఇచ్చి, చివర వాటర్‌మార్క్‌ను అనంతానికి పంపారు. జావాలో టెస్ట్‌స్ట్రీమ్ బిల్డర్ ముగియాలంటే అడ్వాన్స్‌వాటర్‌మార్క్‌టుఇన్ఫినిటీ పిలవక తప్పదు. అనంతానికి చేరగానే గ్లోబల్ విండో కూడా ముగుస్తుంది, మిగిలిన 32 చివరి పేన్‌గా బయటికొస్తాయి. అసర్ట్ పాస్. ప్రొడక్షన్‌లో స్ట్రీమ్‌కి అంతం లేదు, వాటర్‌మార్క్ అనంతానికి పోదు, 33వ ఎలిమెంట్ నుంచి 50వది దాకా రాకపోతే ఆ 32 అక్కడే కూర్చుంటాయి. దీన్ని పట్టుకోవాలంటే అసర్ట్‌లో ‘వచ్చిందా’ అని కాక ‘ఏ టైమింగ్‌తో వచ్చింది’ అని అడగాలి. ఇన్‌ఎర్లీపేన్‌లో రావాల్సినది చివరి పేన్‌లో వస్తే ట్రిగ్గర్ పనిచేయలేదని అర్థం. మందు కూడా తెలిసిందే: ఆఫ్టర్‌ఫస్ట్‌లో (ఏది ముందైతే దానికి ఫైర్ అయ్యేది) కౌంట్ 50నీ, తొలి ఎలిమెంట్ నుంచి 30 సెకన్లనూ కలిపి, దాన్ని రిపీటెడ్లీఫరెవర్‌లో పెట్టడం. ఇక టెస్ట్‌లో 32 ఇచ్చి, గడియారం 31 సెకన్లు జరిపి, వాటర్‌మార్క్ కదపకముందే పేన్ వచ్చిందని ఎర్లీ టైమింగ్‌తో చూపించాలి.

రిపీటెడ్లీ మరిచిపోతే ఏమవుతుందన్నదీ దీనికి ఆనుకునే ఉంది. ఒట్టి కౌంట్ ట్రిగ్గర్ ఒకసారి ఫైర్ అయి ముగిసిపోతుంది. ముగిసిన ట్రిగ్గర్ ఉన్న విండోకి ఆ తర్వాత ఏది వచ్చినా పారేయడమే. ఇది ఎన్నో డేటా నష్టాలకు కారణమైనందువల్ల ఇప్పటి జావా బీమ్ ఇలాంటి ట్రిగ్గర్‌ను గ్రూప్‌బైకీ దగ్గర పైప్‌లైన్ కట్టేటప్పుడే అన్‌సేఫ్ ట్రిగ్గర్ అని తిప్పికొడుతుంది. పైథాన్‌లోనూ ఆ తనిఖీ ఉంది, అలౌ అన్‌సేఫ్ ట్రిగ్గర్స్ అనే ఆప్షన్‌తో దాన్ని దాటొచ్చు. దాటకండి. విత్‌ఎర్లీఫైరింగ్స్, విత్‌లేట్‌ఫైరింగ్స్‌లో మాత్రం లోపల ఇచ్చిన ట్రిగ్గర్ తనంతట తనే రిపీట్ అవుతుంది, అక్కడ మళ్లీ రిపీటెడ్లీ చుట్టక్కర్లేదు. లేట్ ఫైరింగ్స్ ఇవ్వకుండా అలోడ్ లేట్‌నెస్ సున్నా కంటే ఎక్కువ పెడితే అదీ అన్‌సేఫ్ కిందికే వస్తుంది.

మీరు అక్యుములేటింగ్ వాడుతున్నారు కాబట్టి రెండో గ్రూపింగ్ గురించి చెప్పాలి. పైన మన నడకలో వచ్చిన పేన్లు 12, 18, 22, 32. వీటిని నేరుగా డేటాబేస్‌లో అదే వరుస మీద రాసుకుంటూ పోతే చివరికి 32 మిగులుతుంది, బాగానే ఉంటుంది. కానీ ఈ ఫలితాన్ని కీ మార్చి ఇంకో సమ్‌లోకి పంపితే, దానికి ఇవి నాలుగు వేర్వేరు ఎలిమెంట్లు. 12, 18, 22, 32 కలిపి 84 చేస్తుంది. ముందటిదానికి ఇది దిద్దుబాటు అని దానికి తెలియదు. డిస్కార్డింగ్‌లో పేన్లు 12, 6, 4, 10 వస్తాయి, రెండో సమ్ సరిగ్గా 32 ఇస్తుంది. రెండు గ్రూపింగ్‌లు ఉన్న పైప్‌లైన్‌ను ఒక్కో ట్రాన్స్‌ఫామ్‌గా విడివిడిగా టెస్ట్ చేస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు, రెండూ కలిపి కనీసం రెండు పేన్లు వచ్చేలా ఒక టెస్ట్ ఉండి తీరాలి.

పైగా రెండో గ్రూపింగ్‌లో నడిచేది మీరు రాసిన ట్రిగ్గర్ కాదు, దాని కొనసాగింపు రూపం. మీరు కౌంట్ 100 పెట్టినా రెండో దశలో అది కౌంట్ 1 అవుతుంది. డిలే పెట్టినా రెండో దశ మళ్లీ అంతసేపు ఆగదు. ఒకసారి ఆపి కూడబెట్టిన డేటాను మళ్లీ ఆపకూడదన్నది ఇందులో ఉద్దేశం. రెండో దశలో కూడా వందేసి కావాలంటే అక్కడ విండోను మళ్లీ స్పష్టంగా రాయాలి.

సెషన్ విండోల (ఎలిమెంట్ల మధ్య విరామాన్ని బట్టి ఏర్పడే విండోలు) విషయంలో ఒకటే హెచ్చరిక. విండోలు కలిసిపోయినప్పుడు కౌంట్లూ కలుస్తాయి, విండో ముగింపూ ముందుకు జరుగుతుంది. చెరొక ఎలిమెంట్ ఉన్న రెండు సెషన్ల మధ్య వంతెనలా మూడోది వచ్చిందంటే కౌంట్ ఒక్కసారి మూడవుతుంది. పీఅసర్ట్‌కి ఇచ్చే విండో కలిసిపోయాక ఉండే విండో అయ్యుండాలి.

ఏం జరుగుతోందో అర్థం కానప్పుడు అసర్ట్‌లు మార్చుకుంటూ కూర్చోవద్దు. గ్రూపింగ్ తర్వాత ఒక చిన్న డూఎఫ్ఎన్ (ఒక్కో ఎలిమెంట్ మీద నడిచే కోడ్) పెట్టి ఎలిమెంట్, విండో, పేన్‌ఇన్ఫో, టైమ్‌స్టాంప్ నాలుగూ ప్రింట్ చేయండి. పేన్‌ఇన్ఫోలో టైమింగ్, ఇండెక్స్, మొదటిదా చివరిదా అన్నవన్నీ ఉంటాయి. పైథాన్‌లో డూఎఫ్ఎన్ పారామీటర్లుగా విండోపారమ్, పేన్‌ఇన్ఫోపారమ్ ఇస్తే ఇవే వస్తాయి. పైథాన్‌లో టెస్ట్‌స్ట్రీమ్ నడవాలంటే ఆప్షన్స్‌లో స్ట్రీమింగ్ ట్రూ చేయాలి. జావాలో రీఇఫై ట్రాన్స్‌ఫామ్‌తో ఈ వివరాలను విలువలోనే కలిపి నేరుగా అసర్ట్ కూడా చేయొచ్చు. ఒట్టి పీఅసర్ట్ దట్, కంటెయిన్స్‌ఇన్‌ఎనీఆర్డర్ అని రాస్తే అది అన్ని పేన్లనూ కలిపి చూస్తుంది. మన ఉదాహరణలో 32 ఒక్కటే ఉందని రాస్తే ఫెయిల్, నాలుగూ రాయాలి.

అసర్ట్ దేనిమీద పెట్టాలన్న దానికి నా పద్ధతి ఇది. పేన్ల సంఖ్య మీద అసర్ట్ పెట్టే టెస్టులు ఒకటో రెండో చాలు, అవీ ఒక్కో ఎలిమెంట్‌కి ఒక్కో యాడ్‌ఎలిమెంట్స్ కాల్‌తో రాసినవి. వాటితో ట్రిగ్గర్‌ను సరిగ్గా కట్టామని తెలుస్తుంది. మిగతా టెస్టులు, నిజానికి విలువైనవి, బండిల్ ఎలా విరిగినా మారని వాటిమీద ఉండాలి. అక్యుములేటింగ్ అయితే ఆన్‌టైమ్ పేన్ విలువ 22, ఆఖరి లేట్ పేన్ విలువ 32. డిస్కార్డింగ్ అయితే పేన్లన్నింటి మొత్తం 32. అవే ఎలిమెంట్లను ఒకసారి ఆరు కాల్స్‌గా, ఒకసారి రెండేసిగా, ఒకసారి అన్నీ ఒకే కాల్‌లో ఇచ్చి ఈ విలువలు అలాగే ఉన్నాయా చూడండి. ప్రొడక్షన్ రన్నర్ బండిల్స్‌ను తనకు తోచినట్టే విరుస్తుంది, కాబట్టి అక్కడ మీకు పనికొచ్చే హామీ ఇదొక్కటే.

రెండు ఇన్‌పుట్‌లను కలిపే పైప్‌లైన్ అయితే రెండు టెస్ట్‌స్ట్రీమ్‌లు పెట్టకండి, వాటి మధ్య వరుసకు హామీ లేదు. ఒకే టెస్ట్‌స్ట్రీమ్‌లో ప్రతి ఎలిమెంట్‌కీ ఏ వైపుదో గుర్తు పెట్టి, తర్వాత విడదీయండి. అలా చేస్తే రెండువైపులా వాటర్‌మార్క్ ఒక్కటే అవుతుంది, ఒకవైపు వెనకబడే పరిస్థితిని దీంతో టెస్ట్ చేయలేరు.

ఈ లెక్కలు వేరే ఇంజన్‌లకు అలాగే పనికిరావు. ఫ్లింక్‌లో ట్రిగ్గర్‌ను ప్రతి ఎలిమెంట్ దగ్గరా అడుగుతారు, కాబట్టి కౌంట్ 2 అక్కడ నిజంగానే రెండేసి, మీ ఆరుకి మూడుసార్లూ ఫైర్ అవుతుంది. కానీ కౌంట్‌ట్రిగ్గర్ పెట్టగానే డిఫాల్ట్ ఈవెంట్‌టైమ్ ట్రిగ్గర్ పోతుంది. విండో ముగింపులో ఏమీ రాదు, ఏడో ఎలిమెంట్ ఒకటి వచ్చి మిగిలిపోతే అది చప్పుడు లేకుండా స్టేట్‌తోపాటు చెరిగిపోతుంది. అంచు కూడా వేరు. ఫ్లింక్‌లో వాటర్‌మార్క్ గరిష్ఠ టైమ్‌స్టాంప్‌ను తాకితే చాలు, 59.999కే ఫైర్ అవుతుంది. అక్కడ ఆపరేటర్ టెస్ట్ హార్నెస్‌లోని ప్రాసెస్‌వాటర్‌మార్క్, సెట్‌ప్రాసెసింగ్‌టైమ్ మీకు ఆ పిడులు. స్పార్క్ స్ట్రక్చర్డ్ స్ట్రీమింగ్‌లోనైతే ట్రిగ్గర్ అన్న మాటకే అర్థం వేరు. మైక్రోబ్యాచ్ (డేటాను ప్రాసెస్ చేసే చిన్న దఫా) ఎప్పుడు నడవాలన్నదే అక్కడ ట్రిగ్గర్, విండో పేన్లతో దానికి సంబంధం లేదు. ఒక బ్యాచ్‌లో లెక్కకొచ్చిన వాటర్‌మార్క్ తర్వాతి బ్యాచ్ నుంచే అమల్లోకి వస్తుంది. అపెండ్ మోడ్ టెస్ట్‌లో ఫలితం ఒక బ్యాచ్ ఆలస్యంగా కనిపించడానికి అదే కారణం.

చివరగా, ఎలిమెంట్ ఇచ్చారు, విండో సరైనదే, అయినా ఏ పేన్‌లోనూ లేదంటే మెట్రిక్స్‌లో రెండు కౌంటర్లు వెతకండి. డ్రాప్డ్‌డ్యూటులేట్‌నెస్ పెరిగి ఉంటే ఆ ఎలిమెంట్ వచ్చేసరికే విండో గడువు తీరింది: మన తొమ్మిదో అడుగు అదే, వాటర్‌మార్క్ ఎక్కువ జరిపారేమో, యూనిట్లు తప్పాయేమో చూడండి. డ్రాప్డ్‌డ్యూటుక్లోజ్డ్‌విండో పెరిగి ఉంటే గడువు ఇంకా ఉంది కానీ ట్రిగ్గర్ ముగిసిపోయింది: రిపీటెడ్లీ ఎక్కడ మరిచిపోయారో వెతకండి.